కేన్సర్ కార్యక్రమాన్ని ఎవరి లెక్కతో కొలవాలి?

ఆమె ఆ చీటీని రేషన్ కార్డు పెట్టుకునే ప్లాస్టిక్ కవరులో దాచుకుంది. రెండేళ్ల కిందట మా మండలంలో జరిగిన ఉచిత కేన్సర్ పరీక్షల శిబిరంలో రాసిచ్చిన చీటీ అది. గర్భసంచి మూతి మీద తెల్ల మచ్చ కనిపించిందనీ, పెద్దాసుపత్రికి పంపుతున్నామనీ ఇంగ్లీషులో రెండు ముక్కలు, కింద ఒక సంతకం. ఆ శిబిరానికి ఇల్లిల్లూ తిరిగి ఆడవాళ్లను కూడగట్టిన వాళ్లలో నేనూ ఉన్నాను. అందుకే ఆమె ఆ కవరు నా చేతిలో పెట్టినప్పుడు నా నోట మాట రాలేదు.

"మరి పోలేదా అక్కా?" అని అడిగాను.

"పొమ్మన్నరు గని చెల్లె, పోతే ఎవల్ని కలవాలె, ఎన్ని దినాలు పడ్తది, ఆ దినాల కూలి ఎట్ల... ఎవలు చెప్పలేదు. అప్పుడు నాకు నొప్పి లేదు, ఏం లేదు. మల్ల అడగనీకె కూడ ఎవలు రాలేదు."

ఆమె ఇప్పుడు లేదు. రక్తస్రావం మొదలయ్యాక తీసుకెళ్తే అప్పటికే ముదిరిపోయిందన్నారు. ఆ శిబిరం నివేదికలో ఆమె మూడుసార్లు లెక్కకొచ్చింది. పరీక్షకు వచ్చిన మనిషిగా ఒకసారి, మచ్చ దొరికిన మనిషిగా ఒకసారి, పైఆసుపత్రికి పంపిన మనిషిగా ఒకసారి. చనిపోయిన మనిషిగా మాత్రం ఆ కార్యక్రమానికి సంబంధించిన ఏ కాగితంలోనూ ఆమె లేదు. శిబిరం విజయవంతమైందనే ఆ నివేదిక చెప్తోంది. దాన్ని రాసింది మేమే.

ఆమె పోయిన దగ్గర్నుంచి నేను ఒకే ప్రశ్న పట్టుకుని తిరుగుతున్నాను. దేశంలో కేన్సర్ నివారణ కార్యక్రమం బాగా నడుస్తోందో లేదో ఎవరు చెప్పాలి? దేన్ని చూసి చెప్పాలి? ఎంతమందికి పరీక్ష చేశామన్నది ప్రభుత్వ లెక్క. పరీక్షలో తేడా కనబడిన వాళ్లలో ఎంతమంది వైద్యం పూర్తి చేసుకుని ఇంటికి తిరిగొచ్చారన్నది ఆడవాళ్ల లెక్క. ఈ రెండో లెక్క అడగనంతకాలం మొదటి లెక్క ఎంత పెరిగినా మన ప్రాణాలకు భరోసా లేదు. ఈ వ్యాసంలో నేను చెప్పదల్చుకున్నది అదే.

యాభై ఏళ్ల కార్యక్రమం

మన దేశంలో జాతీయ కేన్సర్ నియంత్రణ కార్యక్రమం నిన్న మొన్న పుట్టింది కాదు. 1975-76లోనే మొదలైంది. అప్పట్లో డబ్బంతా పెద్ద పెద్ద ప్రాంతీయ కేన్సర్ కేంద్రాలకీ, రేడియేషన్ యంత్రాలకీ పోయింది. 1984-85లో దాన్ని సవరించి నివారణకూ, ముందుగా గుర్తించడానికీ ప్రాధాన్యం ఇస్తామన్నారు. 1990-91లో జిల్లా స్థాయి పథకం అన్నారు. 2010లో కేన్సర్, మధుమేహం, గుండెజబ్బు, పక్షవాతం అన్నీ కలిపి 100 జిల్లాల్లో కొత్త కార్యక్రమం మొదలుపెట్టారు. 2016లో ఆరోగ్య మంత్రిత్వ శాఖ మార్గదర్శకాలిచ్చింది: 30 నుంచి 65 ఏళ్ల ఆడవాళ్లందరికీ ఐదేళ్లకొకసారి గర్భసంచి మూతి, రొమ్ము, నోరు పరీక్ష చెయ్యాలని. 2018లో ఉపకేంద్రాలకు ఆరోగ్య, స్వస్థతా కేంద్రాలని పేరు పెట్టారు. 2023లో ఆ పేరు ఆయుష్మాన్ ఆరోగ్య మందిరాలైంది. అదే ఏడాది కార్యక్రమం పేరూ మారింది.

పేర్లు ఇన్నిసార్లు మారాయి. మరి ఫలితం? అంతర్జాతీయ కేన్సర్ పరిశోధన సంస్థ అంచనా ప్రకారం 2022లో మన దేశంలో 1,27,526 మంది ఆడవాళ్లకు కొత్తగా గర్భసంచి మూతి కేన్సర్ వచ్చింది. 79,906 మంది చనిపోయారు. అంటే రోజుకు రెండు వందల మందికి పైగా. ఈ జబ్బు రాత్రికి రాత్రి వచ్చిపడేది కూడా కాదు. హ్యూమన్ పాపిలోమా వైరస్ ఒంట్లో చేరి, ఏళ్ల తరబడి నిలిచిపోయి, కణాల్లో మార్పు తెచ్చి, అది కేన్సరయ్యేసరికి సాధారణంగా 15 నుంచి 20 ఏళ్లు పడుతుంది. ఆ కాలంలో ఎప్పుడు చూసినా దొరుకుతుంది. దొరికితే చిన్నపాటి చికిత్సతో ఆపెయ్యొచ్చు. పదిహేనేళ్ల గడువిచ్చే జబ్బుకు రోజుకు రెండు వందల మందిని అప్పగిస్తున్న దేశం, కార్యక్రమం బాగానే నడుస్తోందని చెప్పుకోవడానికి వీల్లేదు.

మూడు అంకెల కథ

మూడు అంకెలు మీ ముందు పెడతాను. మూడూ ప్రభుత్వానివే.

2015-16లో జరిగిన నాలుగో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, గర్భసంచి మూతికి ఎప్పుడైనా పరీక్ష జరిగిందా అని అడిగితే 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 22.3 శాతం మంది జరిగిందన్నారు. ఆ అంకె చూసి సంతోషించిన వాళ్లున్నారు. నిజానికి కాన్పు అప్పుడో, లూప్ వేసేటప్పుడో, తెల్లబట్ట అవుతోందని పోయినప్పుడో డాక్టరమ్మ లోపల చూసినా ఆ ప్రశ్నకు అవుననే చెప్తారు.

2019-21లో ఐదో సర్వేలో ప్రశ్న మార్చారు. కేన్సర్ ఉందేమో చూడ్డానికి పరీక్ష చేశారా అని సూటిగా అడిగారు. 30 నుంచి 49 ఏళ్ల వాళ్లలో అవునన్నది 1.9 శాతం. నూటికి ఇద్దరు కూడా లేరు. రొమ్ము పరీక్ష 0.9 శాతం. నోటి పరీక్ష 0.9 శాతం. చాలాకాలంగా ఈ పని చేస్తోందని అందరూ మెచ్చుకునే తమిళనాడులో, అంటే తేనీ, తంజావూరు జిల్లాల్లో ముందు మొదలుపెట్టి తర్వాత రాష్ట్రమంతా విస్తరించిన చోట కూడా, గర్భసంచి మూతి పరీక్ష 9.8 శాతమే.

ఇక మూడో అంకె. 2025 జూలై నాటికి 30 ఏళ్లు దాటిన 25.42 కోట్ల మంది ఆడవాళ్లలో 10.18 కోట్ల మందికి గర్భసంచి మూతి కేన్సర్ పరీక్ష పూర్తయిందని కేంద్ర ఆరోగ్య శాఖ ప్రకటించింది. నూటికి నలభై మంది. నాలుగైదేళ్లలో రెండు నుంచి నలభైకి ఎగబాకామన్నమాట.

ఇది నిజమైతే మనకంటే సంతోషించేవాళ్లు ఎవరూ ఉండరు. కానీ మన వాడల్లో, మన తండాల్లో, మన గూడేల్లో ఎవరినైనా ఆపి అడగండి. పరీక్ష అంటే ఏం చేశారమ్మా? బల్ల మీద పడుకోబెట్టి, లోపలికి పరికరం పెట్టి, వెనిగర్‌లాంటి మందు అద్ది, ఒక నిమిషం ఆగి చూశారా? లేక ఇంటికొచ్చి ఫారం ముందు పెట్టుకుని, ముట్టు ఆగాక రక్తం కనబడుతోందా, వాసనతో తెల్లబట్ట అవుతోందా అని అడిగి రాసుకుపోయారా? ఫారం నింపడం తప్పని నేననడం లేదు. ఎవరిని ముందు పిలవాలో తెలుసుకోవడానికి అది పనికొస్తుంది. కానీ ఈ జబ్బు మొదటి దశలో ఏ బాధా ఉండదు. బాధ ఉందా అని అడిగి, లేదంటే పరీక్ష అయిపోయిందని రాసుకుంటే, సరిగ్గా ఎవరినైతే కాపాడగలమో వాళ్లనే వదిలేసినట్టు. పది కోట్లలో ఎన్ని బల్ల మీద జరిగిన పరీక్షలు, ఎన్ని ఫారాలు? ఎంతమందికి మచ్చ కనబడింది? అందులో ఎంతమందికి వైద్యం జరిగింది? మూడింటికీ జిల్లాలవారీగా, మండలాలవారీగా జవాబు కావాలి. ప్రశ్న మారితే 22 కాస్తా 2 అవుతుందని ప్రభుత్వ సర్వేలే మనకు నేర్పాయి. కాబట్టి ప్రశ్నను మనం అడగాలి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 నవంబర్‌లో ఈ కేన్సర్‌ను తుడిచిపెట్టడానికి మూడు లక్ష్యాలు పెట్టింది. 2030 నాటికి నూటికి 90 మంది ఆడపిల్లలకు 15 ఏళ్లలోపు టీకా. 70 మంది ఆడవాళ్లకు 35 ఏళ్లప్పుడూ, 45 ఏళ్లప్పుడూ మంచి పరీక్ష. జబ్బు, జబ్బుకు ముందరి మార్పు కనబడిన వాళ్లలో 90 మందికి వైద్యం. మన దగ్గర సభల్లో, పోస్టర్లలో మొదటి అంకె వినిపిస్తుంది. అప్పుడప్పుడూ రెండోది వినిపిస్తుంది. మూడో అంకె దగ్గర అందరూ గొంతు తగ్గిస్తారు. మా మండలం అక్క చనిపోయింది ఆ మూడో అంకె దగ్గరే.

ఆడవాళ్లు రారు అనేవాళ్లకి

ఈ మాట ఎక్కడ ఎత్తినా అధికారుల దగ్గర ఒక జవాబు సిద్ధంగా ఉంటుంది. "ఆడవాళ్లకు సిగ్గు, అవగాహన లేదు, పిలిచినా రారు." దీనికి జవాబు మన రాష్ట్ర చరిత్రలోనే ఉంది. ఐదో కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల వివాహితల్లో దాదాపు 70 శాతం మందికి కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయిపోయింది. దేశంలో మరే పెద్ద రాష్ట్రంలోనూ ఇంతమందికి జరగలేదు. వాళ్లకు సిగ్గు లేదా? అదే ఏ.ఎన్.ఎం. అక్క, అదే వాడలో, అదే ఆడవాళ్లను పేరు పేరునా గుర్తుపెట్టుకుని, ఇంటికెళ్లి, అత్తమామల్ని ఒప్పించి, బండి ఎక్కించి, బల్ల మీద పడుకోబెట్టి, మళ్లీ ఇంటి దగ్గర దింపలేదా? 1996లో టార్గెట్లు ఎత్తేశామని ప్రకటించాక కూడా ఆ యంత్రాంగం నడిచింది. అందుకు డబ్బు వచ్చింది, వాహనాలు వచ్చాయి, పైనుంచి అడిగేవాళ్లు ఉన్నారు.

ప్రభుత్వానికి మన గర్భసంచి గురించి తెలియక కాదు. పిల్లల్ని కనకుండా చేయడం వరకే దానితో పని పడింది. కాన్పులు అయిపోయి, ఆపరేషన్ అయిపోయి, ముప్పై ఐదేళ్లు దాటిన ఆడమనిషి జనాభా లెక్కకు అక్కర్లేని మనిషి. సరిగ్గా ఆ వయసులోనే ఈ జబ్బు లోలోపల ముదురుతుంది. ఆమె ఒంట్లో ఏం జరుగుతోందో చూసే తీరికా, డబ్బూ, అడిగే అధికారీ ఆ తర్వాత ఎవరికీ లేకుండాపోయారు.

నోటి సంగతీ ఇంతే. శ్రీకాకుళం, విశాఖ వైపు పల్లెల్లో ఆడవాళ్లు నిప్పు వైపు నోట్లో పెట్టుకుని చుట్ట కాలుస్తారు. అడ్డపొగ అంటారు. దానివల్ల అంగిట్లో కేన్సర్ వస్తుందని యాభై ఏళ్లకు పైబడి వైద్య పత్రికల్లో రాస్తున్నారు. దూరదూరాల నుంచి పరిశోధకులు వచ్చి ఆ నోళ్లు పరీక్షించి వెళ్లారు. నోరు చూడ్డానికి కావలసింది ఒక టార్చిలైటు, తర్ఫీదు అయిన రెండు కళ్లు. అయినా దేశం మొత్తం మీద నోటి పరీక్ష అయిన ఆడవాళ్లు నూటికి ఒక్కరు కూడా తేలలేదు.

ఖాళీలోకి ఎవరు వచ్చారు?

ప్రభుత్వం రాని చోట భయం వచ్చింది. భయాన్ని అమ్ముకునేవాళ్లు వచ్చారు.

తెల్లబట్ట అవుతోందనో, నడుం నొప్పనో, ముట్టు ఎక్కువ పోతోందనో చిన్న పట్నంలో నర్సింగ్‌హోంకి పోయిన మన ఆడవాళ్లకు ఏం చెప్తారో ఈ పత్రిక చదివే మీలో చాలామందికి తెలుసు. "పిల్లలు అయిపోయారుగా, ఇంకా ఎందుకా సంచి? ఉంచుకుంటే కేన్సర్ అవుతుంది, తీయించేసుకో." ఏ పరీక్షా ఉండదు. ఒక స్కానింగ్, ఒక భయం, ఒక అప్పు. నాలుగో కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీసేయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 3.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం. తెలంగాణలో 7.7 శాతం. దేశంలో జరిగిన ఈ ఆపరేషన్లలో దాదాపు మూడింట రెండు వంతులు ప్రైవేటు ఆసుపత్రుల్లో జరిగాయి. 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, అనవసరంగా గర్భసంచులు తీసేయకుండా కేంద్రం రూపొందించిన మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చెయ్యమని రాష్ట్రాలను ఆదేశించాల్సి వచ్చింది.

కేన్సర్ ఉందో లేదో చూసే పరీక్ష నూటికి ఇద్దరికి కూడా అందని దేశంలో, కేన్సర్ వస్తుందన్న భయంతో మన దగ్గర ముప్పై ఐదేళ్లు నిండకుండానే గర్భసంచులు పోగొట్టుకున్నారు. ఆ తర్వాత ఒంట్లో వేడి, ఎముకల నొప్పులు, కూలికి పోలేని నీరసం, తీరని అప్పు. ఈ ఆపరేషన్లను ఏ కేన్సర్ కార్యక్రమ నివేదికలోనూ కలపరు. నేను కలుపుతాను. నివారణ కార్యక్రమం విఫలమైతే చావులే కాదు, అక్కర్లేని కోతలు కూడా దాని ఖాతాలోనే పడాలి.

2007లో ఆరోగ్యశ్రీ వచ్చింది. కేన్సర్ వచ్చిన పేదవాళ్లకు ఆసుపత్రి ఖర్చు దొరికింది. దాన్ని కాదనను. మా వాళ్లు ఎంతోమంది దానివల్లే వైద్యం చేయించుకున్నారు. కానీ ఆ డబ్బు జబ్బు ముదిరాక, పెద్దాసుపత్రి మెట్లెక్కాక కదులుతుంది. మచ్చ దగ్గరే ఆపేస్తే ఆ మెట్లెక్కే పనే ఉండదు. మెట్ల పైన కోట్లు ఖర్చుపెట్టి, మెట్ల కింద ఒక నర్సునీ, ఒక బల్లనీ, ఒక తలుపునీ ఏర్పాటు చెయ్యని ప్రభుత్వాన్ని డబ్బు లేని ప్రభుత్వం అనడానికి నాకు మనసొప్పదు.

మన ఒంటి మీద తేల్చిన నిజాలు

ఏ పరీక్ష పనిచేస్తుందో తెలియకే ఆలస్యమైందని ఎవరైనా అంటే నమ్మకండి. మహారాష్ట్రలోని ఉస్మానాబాద్ జిల్లాలో 1999లో 1,31,746 మంది ఆడవాళ్లతో పెద్ద అధ్యయనం మొదలుపెట్టారు. అమెరికాలోని గేట్స్ ఫౌండేషన్ డబ్బు ఇచ్చింది. ఊళ్లను నాలుగు భాగాలు చేశారు. మూడు భాగాల్లో మూడు రకాల పరీక్షలు చేశారు. నాలుగో భాగంలోని ఆడవాళ్లకు ఏ పరీక్షా చెయ్యలేదు. ఎనిమిదేళ్లు చూశారు. ఒక్కసారి వైరస్ పరీక్ష చేసిన భాగంలో ఈ కేన్సర్‌తో 34 మంది చనిపోయారు. ఏ పరీక్షా చెయ్యని భాగంలో 64 మంది చనిపోయారు. 2009లో ఫలితాలు ప్రపంచమంతా చదివింది.

పరీక్ష చేస్తే ప్రాణాలు నిలుస్తాయని పాశ్చాత్య దేశాల అనుభవం అప్పటికే చెప్తోంటే, మన ఆడవాళ్లను పరీక్ష లేకుండా ఉంచి చూడడం న్యాయమా అని వైద్య నీతి మీద పెద్ద చర్చ నడిచింది. మన దేశంలో మామూలుగా దొరికేదే ఏమీ లేదు కాబట్టి అది తప్పు కాదని పరిశోధకులు సమర్థించుకున్నారు. అంటే ప్రభుత్వం ఏమీ చెయ్యకపోవడమే పరిశోధనకు అనుమతి పత్రమైంది. సరే, ఆ 64 మంది చావులతో తేలిన నిజాన్నయినా ఈ దేశం వాడుకుందా? వైరస్ పరీక్ష చావుల్ని దాదాపు సగానికి తగ్గిస్తుందని 2009లో తెలిసింది. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వైరస్ పరీక్షనే మొదటి పరీక్షగా వాడమంది. దాని కోసం కావాలంటే ఆడవాళ్లు తమ నమూనా తామే తీసుకోవచ్చు. బల్ల, దీపం, పరాయి మనిషి ముందు బట్టలు విప్పడం ఏవీ అక్కర్లేదు. సిగ్గు పేరు చెప్పి మనల్ని నిందించినవాళ్లు, ఆ సిగ్గును గౌరవించే పరీక్ష ఉందని తెలిసి కూడా దాన్ని ఊరికి తేవడానికి తొందరపడలేదు.

ఇక ఖమ్మం మాట. 2009 జూలైలో అప్పటి ఖమ్మం జిల్లాలోని భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలు దాదాపు 14,000 మందికి ఈ వైరస్ టీకా వేశారు. పాత్ అనే అమెరికన్ సంస్థ, భారత వైద్య పరిశోధనా మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి నడిపిన పని అది. వాళ్లలో చాలామంది ఆశ్రమ పాఠశాలల్లో, హాస్టళ్లలో ఉండే ఆదివాసీ, దళిత పిల్లలు. గుజరాత్‌లోనూ ఇలాంటిదే జరిగింది. రెండు చోట్లా కలిపి ఏడుగురు పిల్లలు చనిపోయారు. మహిళా సంఘాలు, ఆరోగ్య సంఘాలు నిలదీశాక 2010 ఏప్రిల్‌లో ఆపించారు. ఆ మరణాలకు టీకా కారణం కాదని విచారణ సంఘం చెప్పింది. టీకా మంచిదేనని ఈనాటికి ఎన్నో దేశాల అనుభవం కూడా చెప్తోంది. దాన్ని నేను కాదనడం లేదు. కానీ 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం బయటపెట్టిన సంగతి చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో 9,543 అంగీకార పత్రాల్లో 2,763 మీద హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టారు. 1,948 మీద వేలిముద్రలు. అడవిలో, పొలంలో పనిచేసుకుంటున్న తల్లికి తన బిడ్డ చేతికి ఏ సూది గుచ్చారో తెలియదు.

మంచి మందును చెడ్డ పద్ధతిలో ఇస్తే ఏమవుతుందో అప్పుడు చూశాం. నమ్మకం పోయింది. ఈ టీకా జాతీయ స్థాయిలో రావడానికి ఏళ్లు పట్టింది. 2022లో నిపుణుల సంఘం సిఫారసు చేసింది. 2024 ఫిబ్రవరి బడ్జెట్ ప్రసంగంలో 9 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు టీకాను ప్రోత్సహిస్తామన్నారు. మధ్యలో ఎదిగిపోయిన పిల్లలు ఎంతమందో. తల్లికి చెప్పి, ఆమె అడిగిన ప్రశ్నలకు జవాబిచ్చి, పిల్లకు జ్వరమొస్తే చూసే మనిషిని పెట్టి ఉంటే ఆ కాలం వృథా అయ్యేది కాదు. సమ్మతి అడగడం వల్ల కార్యక్రమాలు ఆలస్యమవుతాయనే అధికారులు ఖమ్మాన్ని గుర్తుంచుకోవాలి. ఆలస్యం చేసింది సమ్మతి అడగకపోవడమే.

ఇంకో జాగ్రత్త. టీకా పన్నెండేళ్ల పిల్లకు. ఆమె తల్లికి, అమ్మమ్మకు కాదు. ఇవాళ ముప్పై, నలభై, యాభై ఏళ్లున్న తరాన్ని కాపాడేది పరీక్ష ఒక్కటే. టీకా ఫొటోలతో పరీక్షల మాట మరుగునపడితే ఒక తరం తల్లుల్ని వదులుకున్నట్టే.

మన చేతులూ చూసుకుందాం

తప్పంతా ప్రభుత్వానిదే అని ముగిస్తే మొదట చెప్పిన అక్కకు నేను అన్యాయం చేసినట్టవుతుంది. స్వచ్ఛంద సంస్థలుగా మనమూ శిబిరాలు పెట్టాం. బ్యానరు కట్టాం, ఫొటో తీశాం, హాజరు రిజిస్టరులో సంతకాలు పెట్టించాం. డబ్బిచ్చేవాళ్లు అడిగింది ఎంతమంది వచ్చారని. మనం చెప్పిందీ అదే. చీటీ తీసుకున్న మనిషి ఇంటికి నెల తర్వాత, మూడు నెలల తర్వాత వెళ్లడానికి బడ్జెట్టులో పద్దు లేదు. లేదని మనమూ ఊరుకున్నాం. వైద్యం అందే దారి చూపకుండా పరీక్ష చెయ్యడమంటే, ఒక మనిషికి జబ్బుందని చెప్పి తలుపేసుకోవడమే. ఇక ముందు వైద్యం దాకా వెంట ఉండే ఏర్పాటు లేని ఏ శిబిరానికీ మన సంఘాలు ఆడవాళ్లను పోగుచెయ్యకూడదని నా అభిప్రాయం. దీనిమీద మనలో చర్చ జరగాలి.

అలాగే ఆశా అక్కల మాట. ఈ కార్యక్రమం మొత్తం వాళ్ల కాళ్ల మీద నడుస్తోంది. ఇంటింటికీ తిరిగి ఒక్కో మనిషికి ఫారం నింపితే పది రూపాయలు పారితోషికం పెట్టారు. ఫారానికి డబ్బు కట్టిన ప్రభుత్వం ఫారాలే పోగు చేసుకుంటుంది. వాళ్లను ఉద్యోగులుగా గుర్తించడానికి మాత్రం చేతులు రావు. ఏ ఆశా అక్కనీ ఈ వ్యాసం వేలెత్తి చూపడం లేదు. చీటీ తీసుకున్న మనిషిని ఆసుపత్రికి తోడు తీసుకెళ్లి, వైద్యం అయ్యేదాకా వెంట ఉంటే అది పని కాదా? ఆ పనికి జీతం లేదా? ఆమె హక్కూ, రోగి హక్కూ ఒకే ముడిలో ఉన్నాయి.

మనం అడగవలసినవి

ప్రతి మండలంలో ఏటా నాలుగు అంకెలు గ్రామసభలో చదవాలి: బల్ల మీద పరీక్ష లేదా వైరస్ పరీక్ష ఎంతమందికి జరిగింది, ఎంతమందిలో తేడా కనబడింది, అందులో ఎంతమందికి వైద్యం పూర్తయింది, ఈ కేన్సర్‌తో ఎంతమంది చనిపోయారు. ఫారాలను పరీక్షలతో కలిపి చెప్పకూడదు.

పరీక్ష చేసిన చోటే, వీలైతే ఆ రోజే, మచ్చకు చికిత్స చేసే ఏర్పాటు ఉండాలి. అది వీలుకాక పైఆసుపత్రికి పంపితే తేదీ, కలవాల్సిన మనిషి పేరు తెలుగులో రాసివ్వాలి. బస్సు ఖర్చు, పోయిన రోజుల కూలి ఇవ్వాలి. వెళ్లకపోతే ఇంటికొచ్చి అడగాలి.

నమూనా తామే తీసుకునే వైరస్ పరీక్షను ఉపకేంద్రం దాకా తేవాలి. హెచ్.ఐ.వి. ఉన్న ఆడవాళ్లకు ఈ జబ్బు ముప్పు ఎన్నో రెట్లు ఎక్కువ కాబట్టి వాళ్లకు ముందుగా, తరచుగా పరీక్ష చెయ్యాలి.

ప్రతి గర్భసంచి ఆపరేషన్ కారణంతో సహా నమోదు కావాలి. కేన్సర్ భయం చెప్పి చేసిన ఆపరేషన్‌కు ముందు ఏ పరీక్ష జరిగిందో చూపించాలి.

టీకాకు తల్లిదండ్రుల సమ్మతి వాళ్ల భాషలో, గోండీలో, కోయలో, లంబాడీలో, తెలుగులో చెప్పి తీసుకోవాలి. వార్డెన్ సంతకం సమ్మతి కాదు.

ఇవేవీ గొంతెమ్మ కోరికలు కావు. పదిహేనేళ్లు ఆగే జబ్బు ముందు, పదిహేను రోజుల్లో తిరిగొచ్చి అడిగే మనిషిని పెట్టమంటున్నాం.

ఆ ప్లాస్టిక్ కవరు ఇప్పుడు ఆమె కూతురి దగ్గర ఉంది. ఆ పిల్లకు ఇరవై తొమ్మిదేళ్లు. ఇంకో ఏడాదికి ప్రభుత్వ లెక్కల్లో "అర్హురాలు" అవుతుంది. ఆమె ఇంటికి ఫారం పట్టుకుని ఎవరైనా వస్తారు. ఈసారి ఆమెకు చీటీ రాసిస్తే, ఆ చీటీ వెనకాల మనుషులు ఉండేలా చూడాల్సిన బాధ్యత మనది.